డుగ్గు డుగ్గు కొంటున్నారా? ముందు మీ కాలిని అడగండి

పోయిన వారం లంచ్ అయ్యాక మా టీమ్ కుర్రాడొకడు నా సీటు దగ్గరకొచ్చి ఫోను తీసి నా కీబోర్డు మీద పెట్టాడు. ఏదో ప్రొడక్షన్ ఇష్యూ అనుకుని గుండె గుభేలుమంది. తీరా చూస్తే మూడు బళ్ళ ఫొటోలు.

"అన్నా, మూడూ చూసొచ్చిన. ఒకటి 1998 క్యాస్ట్ ఐరన్ బుల్లెట్, ఇంకోటి 2007 థండర్‌బర్డ్, ఇది 2014 థండర్‌బర్డ్. మూడూ నా బడ్జెట్లనే ఉన్నయ్. ఏది తీస్కోమంటవ్?"

కరీంనగర్ పిల్లాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. రోజూ ఆఫీసుకి 150 సీసీ బండి మీద వస్తాడు. "నీ మనసు దేని మీదుంది?" అని అడిగాను.

"క్యాస్ట్ ఐరనే అన్నా. అసలు సౌండ్ దానిదే గద!"

వద్దన్నాను. ఎందుకన్నాడు. మీటింగుంది, సాయంత్రం చెప్తానన్నాను. సాయంత్రం టీ దగ్గర మొదలుపెడితే గంటన్నర పట్టింది. ఆ గంటన్నర మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళలో వాడు మొదటివాడు కాదు. మన ఫీల్డులో జీతం కాస్త నిలదొక్కుకోగానే చాలామందికి పట్టే పిచ్చి ఇది. నాకు 2005లో పట్టింది. ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

నా అర్హత ఏంటయ్యా అంటే, ఈ మూడు రకాల ఇంజిన్లతోనూ నేను కాపురం చేశాను. 2005లో కొన్న క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌తో నాలుగేళ్ళు, ఆ తర్వాత ఏవీఎల్ ఇంజిన్ ఉన్న థండర్‌బర్డ్‌తో అయిదారేళ్ళు, 2016 నుంచి ఇప్పటిదాకా యూసీఈ థండర్‌బర్డ్‌తో. మూడూ సెకండ్ హ్యాండువే. నేను మెకానిక్‌ని కాను. మెకానిక్ పక్కన స్టూలేసుకుని కూర్చుని పానాలు అందించిన అనుభవం మాత్రం బోలెడుంది :)

ముందు ఈ పేర్ల గొడవ తేల్చేద్దాం. తెలిసినవాళ్ళు ఈ నాలుగు పేరాలూ దాటేసుకోండి.

1949లో ఇంగ్లండులో వచ్చిన బుల్లెట్ 350 ఇంజిన్‌కి సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందకీ నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. మొత్తం 346 సీసీ. 1955లో మద్రాసులో ఈ బళ్ళ తయారీ మొదలైంది. ఇంగ్లండులో అసలు కంపెనీ 1970లో మూతపడ్డా మన మద్రాసు బండి మాత్రం ఆగలేదు. క్యాస్ట్ ఐరన్ అని మనం ముద్దుగా పిలిచేది ఈ పాత ఇంజిన్నే, సిలిండరు పోత ఇనుముతో చేసింది కాబట్టి. ఇంజిన్ వేరు, గేరుబాక్సు వేరు, క్లచ్ ఉండే డబ్బా వేరు. మూడింటికీ మూడు చోట్ల విడివిడిగా నూనె పోయాలి. మన భాషలో చెప్పాలంటే మైక్రోసర్వీసులన్నమాట, 1949లోనే :)

1994లో ఐషర్ చేతికి వచ్చాక కంపెనీ ఆస్ట్రియాలోని ఏవీఎల్ అనే ఇంజిన్ల సంస్థ సాయంతో దీన్ని సంస్కరించింది. ఇనుప సిలిండరు పోయి అల్యూమినియంది వచ్చింది, లోపల మాత్రం ఇనుప గొట్టం. తక్కువ పెట్రోలు, ఎక్కువ గాలితో కాలేలా చేశారు. అందుకే దీన్ని లీన్ బర్న్ అంటారు. 2002లో వచ్చిన మొదటి థండర్‌బర్డ్‌లో ఉన్నది ఇదే. ఎత్తు హ్యాండిలు, వాలుగా దిగిన సీటు, తీరిగ్గా కూర్చునే పద్ధతి. మన రోడ్ల మీద క్రూజర్ అన్న మాటకి చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఈ బండే. గేరుబాక్సు మాత్రం పాత పద్ధతిలో విడిగానే ఉండిపోయింది.

2009 నాటికి యూసీఈ వచ్చింది. ఇంజిన్, క్లచ్, గేరుబాక్సు మూడూ ఒకే పెట్టెలో, ఒకే నూనెతో. మోనోలిత్ అనుకోండి. 350కి రెండు స్పార్కు ప్లగ్గులు. టాపెట్లు నూనె ఒత్తిడితో వాటంతట అవే సర్దుకుంటాయి కాబట్టి వాటిని బిగించే పని లేదు. 2012లో కొత్త రూపంలో వచ్చిన థండర్‌బర్డ్‌కి 20 లీటర్ల ట్యాంకు, ముందూ వెనకా డిస్కు బ్రేకులు ఇచ్చారు. 2020లో థండర్‌బర్డ్ పేరే ఆగిపోయి, ఆ ఏడాది నవంబరులో మీటియర్ 350 వచ్చింది. దాని ఇంజిన్ పూర్తిగా వేరే వంశం: 72 మిల్లీమీటర్ల వ్యాసం, 85.8 మిల్లీమీటర్ల నడక, క్యామ్ పైన, అదురు తగ్గించే బ్యాలెన్సర్ లోపల. దాని గురించి ఈసారికి వదిలేద్దాం. మన కుర్రాడి బడ్జెట్‌లోకి అది రాలేదు.

గమనించారా, పాత మూడు ఇంజిన్లకీ కొలతలు ఒకటే. 70, 90, 346. బలంలో కూడా పెద్ద తేడా లేదు. క్యాస్ట్ ఐరన్‌ది 18 గుర్రాలు, యూసీఈది దాదాపు 20. దీనికోసమా జనం ఇంతింత కొట్టుకునేది అంటే, దీనికోసం కాదు. కొట్టుకునేది సౌండు కోసం.

సరే, సౌండు దగ్గరకే వద్దాం. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజిన్, ఒకే సిలిండరు. రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. నిమిషానికి వెయ్యి చుట్ల మీద నిలబెడితే అయిదొందల పేలుళ్ళు, అంటే సెకనుకి ఎనిమిది. చెవికి కలిసిపోయి వినపడుతుంది. అదే నిమిషానికి ఆరొందల చుట్లకి దించితే సెకనుకి అయిదు. అప్పుడు డుగ్గు, డుగ్గు, డుగ్గు అని విడివిడిగా లెక్కపెట్టచ్చు. పాత బండికి బరువైన ఫ్లైవీలు, చేత్తో తిప్పుకునే కార్బురేటరు స్క్రూ, పెద్దగా అడ్డులేని సైలెన్సరు ఉండేవి కాబట్టి అంత నెమ్మదిగా నిలబడేది. అదీ రహస్యం. ఇనుములో సంగీతం ఏమీ లేదు. పైగా అంత నెమ్మదిగా నిలబెడితే నూనె పంపు కూడా నెమ్మదిగానే తిరుగుతుంది, పైన రాకర్ల దాకా నూనె సరిగ్గా అందదు. మనం వీధిలో నలుగురూ వినాలని తగ్గించిన ఆ నాలుగొందల చుట్లు ఇంజిన్ ఆయుష్షులోంచి తీసుకున్నవే. ఇక సైలెన్సరు మార్చి మోత మోగించే సరదా ఉన్నవాళ్ళు, పోలీసులు ఆ సైలెన్సర్లు పీకి రోడ్డు రోలరు కింద తొక్కించిన వీడియోలు ఒకసారి చూడండి.

ఇంత చెప్పానని నాకు క్యాస్ట్ ఐరన్ మీద ప్రేమ లేదనుకోకండి. ఆ బండి స్టార్ట్ చేయడమే ఒక పూజ. తాళం తిప్పి, కిక్కు మెల్లగా నొక్కుతూ అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా ఆగాలి. డీకంప్రెసర్ లాగి ఇంకొంచెం జరపాలి. వదిలి, కిక్కు పైకి రానిచ్చి, అప్పుడు ఒక్కసారిగా తొక్కాలి. వరస తప్పితే కిక్కు వెనక్కి తన్నుతుంది. నా కుడి పిక్క మీద ఇప్పటికీ దాని సంతకం ఉంది. సరిగ్గా చేస్తే మాత్రం ఒక్క తొక్కుతో ప్రాణం పోసుకుంటుంది, ఆ ఆనందం సెల్ఫ్ స్టార్ట్ బటన్‌లో లేదు.

దానికున్న అసలు గొప్పతనం నాకు 2007లో డిండి దగ్గర తెలిసింది. శ్రీశైలం పోతున్నాను, ఒక్కడినే. నడుస్తూ నడుస్తూ బండి రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. చీకటి పడబోతోంది. తోసుకుంటూ పోతే ఒక పంక్చర్ షాపు కనపడింది. లుంగీ కట్టుకున్న పెద్దాయన, బీడీ నోట్లోనే ఉంచుకుని, పాయింట్ల మూత ఊడదీసి చూశాడు. పాయింట్లు మాడి, మధ్య సందు మూసుకుపోయింది. ఆరు నెలలుగా నేను దాని మొహం చూడలేదు మరి. ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసే పక్కతో పాయింట్లు రుద్దాడు. "ఏదన్నా మందం కాయితం ఉందా సారూ?" అనడిగాడు. నా దగ్గరున్నది ఆఫీసు విజిటింగ్ కార్డు. దాన్ని మధ్యలో పెట్టి సందు చూసుకుని స్క్రూ బిగించాడు. ఒక్క కిక్కు, బండి లేచింది. ఆ సందు 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలని తర్వాత పుస్తకంలో చదివాను. కార్డు మందం కూడా కాస్త అటూ ఇటూగా అంతే. నా డెజిగ్నేషన్ ఎవరికైనా పనికొచ్చిందంటే ఆ ఒక్కసారే.

కాబట్టి, "పాత బండి ఎక్కడైనా బాగవుతుంది" అన్న మాట అబద్ధం కాదు. కాకపోతే దాని రెండో సగం ఎవరూ చెప్పరు. ఎక్కడైనా బాగవుతుంది, ఎందుకంటే ఎక్కడైనా ఆగిపోతుంది. పాయింట్లు, టాపెట్లు, క్లచ్ కేబులు, గొలుసులు, మూడు చోట్ల నూనె, ఇవన్నీ మనం చూసుకుంటూ ఉండాలి. వారం పదిరోజులు కదపకుండా పెడితే ట్యాంకులో ఉండాల్సిన నూనె మెల్లగా క్రాంకు కేసులోకి జారి, స్టార్ట్ చేయగానే గొట్టంలోంచి కక్కుతుంది. ఎండలో హైవే మీద గంటల తరబడి లాగితే అల్యూమినియం పిస్టన్ వేడికి ఉబ్బినంతగా ఇనుప సిలిండరు ఉబ్బదు, పిస్టన్ పట్టేస్తుంది. ఈ తరహా జాగ్రత్త ప్రేమ ఉన్నవాడికి భారం కాదు. నెలకి రెండు ఆదివారాలు చాలు. ఆ రెండు ఆదివారాలు మీ దగ్గరున్నాయా? రిలీజు వారంలో కూడా?

అయినా నేను ఆ బండి అమ్మింది వీటివల్ల కాదు.

పాత బుల్లెట్‌కి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఈ తరం వాళ్ళలో చాలామందికి ఇది విన్న సంగతే గాని కాలికి తెలిసిన సంగతి కాదు. 2008లో ఆఫీసుకి తిరగడానికి ఒక 150 సీసీ బండి కొన్నాను. దానికి అందరి బళ్ళలాగే గేరు ఎడమ, బ్రేకు కుడి. వారంలో అయిదు రోజులు అది, ఆదివారం బుల్లెట్టు. మొదట్లో కొంచెం తడబడ్డా తర్వాత అలవాటైపోయింది అనుకున్నాను. రెండు భాషలు మాట్లాడేవాడు తడుముకోడు కదా, అలాగే అనుకున్నాను.

2009లో ఒక ఆదివారం పొద్దున, కొండాపూర్ వైపు. రెండో గేరులో ఉన్నాను, పెద్ద వేగం కూడా లేదు. పక్క సందులోంచి ఒకావిడ స్కూటీ మీద రోడ్డెక్కింది. వెనక ఏడెనిమిదేళ్ళ పిల్ల, చేతిలో డ్రాయింగ్ షీటు చుట్ట. నేను వాళ్ళని చూశాను. స్పష్టంగా చూశాను. నా కుడి కాలు బలంగా కిందకి తొక్కింది.

ఆ బండిలో కుడి కాలు కిందకి తొక్కితే మూడో గేరు పడుతుంది.

బండి ఆగలేదు. ముందు డ్రమ్ము బ్రేకు పిండాను, అది ఎంత ఆపగలదో అంతే ఆపింది. హ్యాండిలు పక్కకి కొట్టి డివైడరు అంచుకి రాసుకుని పడ్డాను. స్కూటీకి నాకూ మధ్య ఒక మూరెడు ఉందేమో. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ స్కూటీ ఆపి దిగి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నన్ను లేపి, బండి వైపు చూసి, "బ్రేకుల్లేవా బాబూ దీనికి?" అంది. ఉన్నాయండీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బ్రేకులు ఉన్నాయి. నా కాలికి అవి ఎక్కడున్నాయో తెలియలేదు. ఆ పిల్ల అప్పటికీ డ్రాయింగ్ షీటు గట్టిగా పట్టుకుని నన్నే చూస్తోంది.

బండి తప్పేమీ లేదు. అది తయారైన నాటినుంచీ దాని బ్రేకు అక్కడే ఉంది. ఆ ఒక్క బండే నడిపిన మా మేనమామకి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా అలా జరగలేదు. రెండు పద్ధతులూ కలిపి నడిపింది నేను. తీరిగ్గా ఉన్నప్పుడు బుర్ర నడుపుతుంది, భయం వేసినప్పుడు కాలు నడుపుతుంది. కాలు వారానికి అయిదు రోజులు దేనికి అలవాటు పడిందో అదే చేస్తుంది. నెల తిరక్కుండా అమ్మేశాను. కొన్నతనికి ఈ కథ మొత్తం చెప్పే అమ్మాను. ఆయనకి వేరే బండి లేదు.

అందుకే నేను చెప్పేది: కుడి గేరు బండి కొంటే, ఇక మీరు నడిపే బండి అదొక్కటే అయ్యుండాలి. ఆఫీసుకి వేరే బండి, వీకెండుకి ఇది అనేది మన వాళ్ళందరూ వేసే ప్లాను. అదే అన్నిటికన్నా ప్రమాదకరమైన ప్లాను. క్యాస్ట్ ఐరనే కావాలంటే ఎడమ గేరు ఉన్న అయిదు గేర్ల ఎలెక్ట్రా బళ్ళు కొంతకాలం వచ్చాయి. అవి వెతుక్కోండి.

ఇప్పుడు మధ్య సంతానం సంగతి. ఏవీఎల్‌ని పాత భక్తులు సౌండు లేదని దగ్గరికి రానీయలేదు, కొత్తవాళ్ళకి అది ఉందనే తెలియదు. నా అభిప్రాయంలో దానికి జరిగింది అన్యాయం. నా థండర్‌బర్డ్‌కి గేరు ఎడమవైపే, అయిదు గేర్లు. క్యాస్ట్ ఐరన్ కంటే చల్లగా పరిగెత్తేది, పెట్రోలు తక్కువ తాగేది, పాయింట్లు రుద్దే పని లేదు. చాలా బాగా చూసుకుంది నన్ను. నేనే దాన్ని సరిగ్గా చూసుకోలేదు.

2014లో ఒక పెద్ద రిలీజు. మూడు నెలలు బండి వైపు చూడలేదు, నూనె పుల్ల తీసి చూడలేదు. ఆ తర్వాత ఊరెళ్దామని బయల్దేరితే సూర్యాపేట దాటాక ఇంజిన్ పట్టేసింది. నూనె అడుక్కి పోయింది, తప్పు నూటికి నూరుపాళ్ళు నాది. లారీలో వేసి హైదరాబాదు తెచ్చాను. విప్పి, బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్ వేయాలి. అప్పుడు మొదలయ్యాయి తిప్పలు. క్యాస్ట్ ఐరన్ పిస్టన్ దీనికి పట్టదు. యూసీఈది పట్టదు. ఏవీఎల్ ఇంజిన్ మన బజార్లో ఉన్నది పదేళ్ళు అటూ ఇటూగా, 2010 ప్రాంతానికి ఆగిపోయింది. యాభై ఏళ్ళు తయారైన క్యాస్ట్ ఐరన్‌కి ప్రతి ఊళ్ళో సామాను దొరుకుతుంది. దీనికి నేను రాణీగంజ్ అంతా తిరిగి, విజయవాడ ఫోన్లు చేసి, చివరికి మద్రాసు నుంచి తెప్పించుకునేసరికి మూడు వారాలు. అప్పటికి ఆ ఇంజిన్ ఆగి నాలుగేళ్ళే. ఇప్పుడు ఇంకో పది దాటాయి.

మన ఫీల్డు వాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. పాత కోబాల్ సిస్టమ్‌కి ఇప్పటికీ మనిషి దొరుకుతాడు. రెండు వెర్షన్ల మధ్య కొన్నాళ్ళు వెలిగి ఆరిపోయిన ఫ్రేమ్‌వర్కుకే ఎవరూ దొరకరు. అది మంచిదా చెడ్డదా అన్నది తర్వాత. అది తెలిసినవాళ్ళు ఎంతమంది మిగిలారన్నది ముందు.

మనిషి అంటే గుర్తొచ్చింది. మియాపూర్ దగ్గర నా మెకానిక్ భాయ్ ఉండేవాడు. మూడు ఇంజిన్లూ చెవితో విని రోగం చెప్పేవాడు. స్క్రూడ్రైవరు కొస ఇంజిన్ మీద, పిడి చెవి దగ్గర, కళ్ళు మూసుకుని. రెండేళ్ళ కింద నా యూసీఈ సర్వీసుకి వెళ్తే, "సార్, ఇగ నాతోని గాదు. కండ్లు ఆనుతలేవు. మా పోరడు ఏసీల పని నేర్చుకున్నడు" అన్నాడు. షెడ్డులో ఇంకో ఇద్దరి క్యాస్ట్ ఐరన్లు సగం విప్పి ఉన్నాయి. వాటి సంగతేంటి భాయ్ అంటే, పూర్తిచేసి ఇచ్చేసి మూసేస్తానన్నాడు. అలాగే చేశాడు. ఆ షెడ్డులో ఇప్పుడు కర్రీ పాయింట్ నడుస్తోంది.

కాబట్టి పాత ఇంజిన్ కొనేముందు మీ ఇంటికి పది కిలోమీటర్లలో దాన్ని విప్పి బిగించగల మనిషి ఉన్నాడా అని చూడండి. ఆయన వయసెంతో కూడా చూడండి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఉన్నాడా అన్నది ఇంకా ముఖ్యం. మీరు కొంటున్నది ఇంజిన్ ఒక్కటే కాదు, ఆ షెడ్డు కూడా.

ఇక యూసీఈ. దీని మీద నాకు పెద్ద కవిత్వం రాదు. అదే దీని గుణం. పదేళ్ళలో నూనె, ఫిల్టరు, ప్లగ్గులు, చైన్ సెట్టు, క్లచ్ ప్లేట్లు, బ్యాటరీ, టైర్లు. ఇవే. కార్బురేటరు ఉంది కాబట్టి (350కి ఫ్యుయెల్ ఇంజెక్షన్ 2020లో బీఎస్ 6 తోనే వచ్చింది) మామూలు మెకానిక్ కూడా చేయి పెట్టగలడు. గంటకి డెబ్భై, ఎనభై మీద రోజంతా పోతుంది. అంతకుమించితే హ్యాండిలు అదిరి చేతులు తిమ్మిరెక్కుతాయి. తొందరున్నవాడు ఈ వంశం వైపే రాకూడదు. దీనికీ జబ్బులు లేకపోలేదు. సెల్ఫ్ స్టార్టరుని ఇంజిన్‌కి కలిపే స్ప్రాగ్ క్లచ్ అరగడం ఈ ఇంజిన్లకి అందరికీ తెలిసిన బలహీనతే. బటన్ నొక్కగానే లోపల కటకటమని గరగరలాడి ఇంజిన్ తిరగకపోతే ఎడమవైపు పెట్టె విప్పాల్సిందే, ఖర్చే. దారిలో కరెంటు భాగం ఏదైనా చచ్చిపోతే అగ్గిపెట్టె, విజిటింగ్ కార్డు పనికిరావు. ఫోను తీసి బండి మోసుకెళ్ళేవాణ్ణి పిలవడమే.

"అంటే ఆత్మ లేని బండి కొనమంటావా?" అని నన్ను ఒక స్నేహితుడు అడిగాడు. ఆయన దగ్గర మూడు క్యాస్ట్ ఐరన్లున్నాయి, అందులో నడిచేది ఒకటి. ఈ ఆత్మ వాదనలో నిజం కొంచెం ఉంది, ఒప్పుకుంటాను. నా చేత్తో సందు సరిచేసిన ఇంజిన్ నాదనిపించినంతగా సర్వీస్ సెంటర్లో వదిలొచ్చిన ఇంజిన్ అనిపించదు. పొద్దున్నుంచి రాత్రిదాకా కంటికి కనపడని సరుకుతో పనిచేసే మనలాంటివాళ్ళకి, చేతికి మసి అంటే పని కావాలనిపించడం సహజం కూడా. ఆ కోరిక ఉన్నవాడు పాత ఇంజిన్ కొనుక్కోవచ్చు. కానీ దాన్ని నడవడానికి కొనకూడదు, నేర్చుకోవడానికి కొనాలి. రోజూ తిరగడానికి, ఇంట్లోవాళ్ళని ఎక్కించుకోవడానికి కొనేది వేరు. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే సగం పాత బుల్లెట్లు అపార్ట్‌మెంటు సెల్లార్లలో దుమ్ము కప్పుకుని పడున్నాయి.

కొనడానికి వెళ్ళేటప్పుడు నేను చూసేవి కొన్ని చెప్తాను. వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నట్టే. చల్లగా ఉన్న ఇంజిన్ ఎలా లేస్తుందన్నదే సగం జాతకం. పొగ నీలంగా ఉంటే నూనె కాలుతోంది. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలిపి చూసుకోండి. పాత బళ్ళలో ఇంజిన్లు మార్చినవి చాలా ఉన్నాయి. ఆర్సీ 15 ఏళ్ళకే చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. అంటే క్యాస్ట్ ఐరన్, ఏవీఎల్ బళ్ళన్నీ ఇప్పటికే ఆ గీత దాటేశాయి. 2012 థండర్‌బర్డ్ 2027లో దాటుతుంది. పక్క రాష్ట్రం బండైతే ఎన్వోసీ, లోను ఉన్నదైతే అది తీరిన కాగితం, పెండింగు చలాన్లు. ఇంకోటి: ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ మూడు ఇంజిన్లూ దానికోసం తయారైనవి కావు. పెట్రోలు పైపు, కార్బురేటరు లోపలి రబ్బరు భాగాలు కొనగానే మార్పించి, ఏటా చూయించుకోండి. నెలల తరబడి నిండు ట్యాంకుతో వదిలేయకండి.

ఇదంతా విన్నాక కుర్రాడు అన్నాడు, "నువ్ జెప్పింది సమజైంది గని అన్నా, కాలు గురించి జరంత ఎక్కువ జెప్తున్నవ్. నేను మేనేజ్ జేస్త."

సరే పద అన్నాను. శనివారం ఇద్దరం కూకట్‌పల్లిలో ఆ 1998 బండి దగ్గరకెళ్ళాం. ఓనరు పెద్దమనిషి, బండిని బిడ్డలా చూసుకున్నాడు. చక్కగా లేచింది, నిజంగా బాగుంది. కుర్రాడి మొహం చూడాలి! వెనకున్న ఖాళీ లేఅవుట్లో నాలుగు చుట్లు కొట్టాడు. గేర్లు బాగానే వేస్తున్నాడు. కుడి పైకి, కుడి కిందకి, ఎడమ బ్రేకు, అన్నీ సరిగ్గా. నా వైపు చూసి నవ్వుతూ వస్తున్నాడు. ఇంకో ఇరవై అడుగులుందనగా నేను చేతులు రెండూ పైకెత్తి "ఆపు!" అని గట్టిగా అరిచాను.

బండి ఆగలేదు. నా పక్కనుంచి సాగిపోయి, చాలా దూరం వెళ్ళాక ఆగింది.

ఇంజిన్ ఆపి, బండి దిగకుండా కాసేపు తన కుడి బూటు వైపే చూస్తూ కూర్చున్నాడు. నేనేమీ అనలేదు. తాళం ఇచ్చేసి, ఆ పెద్దాయనకి దణ్ణం పెట్టి వచ్చేశాం. దారిలో వాడే అన్నాడు, "2014 దాని ఓనర్‌కి ఫోన్ జేస్త అన్నా. రేపొస్తవా?"

మీరూ కొనేముందు ఈ ఒక్క పరీక్ష పెట్టుకోండి. ఖాళీ స్థలంలో, నమ్మకమైన స్నేహితుణ్ణి పక్కకి నిలబెట్టి, మీరు అనుకోని క్షణంలో అరవమనండి. మనసుకి ఏ ఇంజిన్ కావాలో మీకు తెలుసు. కాలికి ఏది కావాలో అప్పుడు తెలుస్తుంది.